మగవాళ్ళ కోపం, మా నాయనమ్మ తిక్క

మా ఇంట్లో ప్రతివాళ్ళకీ రెండు పేర్లుండేవి. మొదటిది బాప్తిస్మమప్పుడు అయ్యగారు పెట్టేది. రెండోది మా నాయనమ్మ పెట్టేది. మొదటిది బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా పనికొచ్చేది కాదు. రెండోదే చచ్చేదాకా నడిచేది.

మా నాన్నది చాదస్తం. గుడివాడలో హైస్కూలు వెనక వీధిలో మా పెంకుటిల్లు. ఆయన ఆ ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి, తాళం లాగి చూసి, మళ్ళీ బయల్దేరేవాడు. మా బాబాయి వెర్రిబాగులవాడు. ఒకసారి జోరువానలో ఎవరో అడిగారని గొడుగు ఇచ్చేసి తడుస్తూ ఇంటికొచ్చాడు. "ఎవరికిచ్చావురా?" అంటే అడగలేదన్నాడు. మా అమ్మకి పూనకం. క్రైస్తవుల ఇంటికి ఏ అమ్మవారూ రాకూడదు గాని, నెలకోసారి అమ్మ చీరకొంగు దోపి అటకమీది సామానంతా కిందికి దింపి తోమడం మొదలెడితే దానికింకే పేరూ సరిపోయేది కాదు. నేను పెంకిఘటాన్ని. అందులో అబద్ధం ఏమీ లేదు.

ఒక్కో మాటకీ ఒక్కో నడక ఉండేది. వెర్రి తలలు వేస్తుంది. పిచ్చి ముదురుతుంది. పూనకం వస్తుంది. తిక్క రేగుతుంది, మళ్ళీ కుదురుతుంది. చాదస్తం మాత్రం రాదు, పోదు. ముసలి పిల్లిలాగా ఇంట్లోనే పడి ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువగా వాడేది పిచ్చి. అన్నం తినకపోతే పిచ్చి మొహం, ఎక్కువ తింటే పిచ్చి తిండి, ఏడిస్తే పిచ్చి తల్లి, నవ్వితే పిచ్చి నవ్వు. నిజంగా మతి చలించిన మనిషిని మాత్రం ఎవరూ పిచ్చి అనేవారు కాదు. "ఒంట్లో బాగోడం లేదట" అనేవారు, గొంతు తగ్గించి, తలుపు దగ్గరగా వేసి. మా మేనత్త బందరులో టీచరు ట్రైనింగు చదివి వచ్చేటప్పుడు 'క్రాక్' అనే కొత్త మాట పట్టుకొచ్చింది. దానికి అర్థం పగులు అని చెప్తే నాయనమ్మ, "పగుళ్ళు నా పాదాలకున్నాయి, తలకి లేవు" అని ఆ మాటని గడప దాటి లోపలికి రానివ్వలేదు.

ఇక నాయనమ్మకి ఆ రెండో పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, ఆవిడది తిక్క. బస్సులో కండక్టరు "ముసలమ్మా, లోపలికి జరుగు" అన్నాడని పామర్రు ఇవతలే దిగిపోయి ఎండలో నడిచి వచ్చిన మనిషి. తిక్క రేగినప్పుడు పిలిచినా పలికేది కాదు. ఎదురుగా నిలబడి పిలిస్తే ఉలిక్కిపడి "ఏంటే?" అనేది. ఆవిడతో ఎవరూ వాదించేవారు కాదు. "ఆవిడకి తిక్కలే" అని పక్కకి తప్పుకునేవారు. అందులో ఉన్న సుఖం ఆవిడకి బాగా తెలుసు. చాలాసార్లు ఆ సుఖాన్ని నెయ్యి వేసుకున్నంత తృప్తిగా అనుభవించేది.

ఈ మాటలన్నీ ఎవరికి పడితే వాళ్ళకి వాడుకోవచ్చు గాని, ఒక్క మాట మాత్రం మగవాళ్ళ కోసం విడిగా దాచి ఉంచినది. అది కోపం. మగాడు కంచం విసిరితే కోపం, ఆడది విసిరితే పిచ్చి. మగాడు వీధిలో కేకలేస్తే పౌరుషం, ఆడది వేస్తే గయ్యాళితనం. కోపం పక్కన ఎప్పుడూ ఒక తోక కూడా ఉండేది. "కాస్త ముక్కుమీద కోపం, అంతే. మనసు వెన్న." ఆ వెన్నని ఎవరు చూశారో, ఏ ఉట్టి మీద ఉండేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మా అత్తకి వచ్చిన సంబంధం గురించి కూడా ఆ మాటే అన్నారు.

పెళ్ళికొడుకుది మొవ్వ దగ్గర ఊరు. సహకార సంఘంలో గుమాస్తా. మనిషి పొడుగ్గా, తెల్లగా ఉతికిన చొక్కాతో, చక్కగా దువ్విన క్రాఫుతో ఉండేవాడు. అత్తకి నచ్చాడు. ఫొటో ఆవిడ బైబిల్లో కీర్తనల దగ్గర ఉండేది. ఆ నెలలో మా ఇంట్లో అంత భక్తిగా కీర్తనలు చదివినవాళ్ళు ఇంకెవరూ లేరు. నాన్న వాకబు చేస్తే ఊళ్ళో పెద్దలందరూ ఒకే మాట చెప్పారు. మంచి కుటుంబం, మంచి ఉద్యోగం, కాస్త కోపం, మనసు వెన్న. అది విన్నప్పుడు నాయనమ్మ బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టేసింది.

మా సంఘంలో పెళ్ళి ఖాయమయ్యాక మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. ఫలానా వాళ్ళ అబ్బాయికీ ఫలానా వాళ్ళ అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా న్యాయమైన ఆటంకం తెలిస్తే ఇప్పుడే చెప్పాలి అని. అది విన్నాక అందరూ ఒక్కసారి దగ్గుతారు, అయ్యగారు తర్వాతి పాట సంఖ్య చెప్తారు. అంతకుమించి ఏదైనా జరిగినట్టు ఎవరూ ఎరగరు. మొదటి ఆదివారం అలాగే చదివారు, అలాగే దగ్గారు.

మర్నాడు నాయనమ్మ, కోడూరులో తమ్ముణ్ణి చూడాలని ఉందంది. నాకు సెలవులు కనక తోడు నన్ను తీసుకుంది. పామర్రులో బస్సు మారాం. మారిన బస్సులోంచి మొవ్వ దగ్గర దిగేసింది.

"నాయనమ్మా, కోడూరు ఇంకా దూరం కదా?"

"దారిలో మనవాళ్ళున్నారు కదే. పలకరించకపోతే బాగుంటుందా?"

ఆడపిల్ల తల్లి పిలవకుండా వియ్యాలవారింటికి వెళ్ళడం మర్యాద కాదు. ఆ సంగతి నాకే తెలుసు. కాని తిక్క మనిషికి మర్యాద అక్కర్లేదు. చేతిలో అరిసెల డబ్బాతో ఆవిడ తిన్నగా ఆ ఇంటి అరుగెక్కింది.

పెళ్ళికొడుకు తల్లి సన్నగా, గాలికి కదిలినట్టు నడిచే మనిషి. మమ్మల్ని చూసి కంగారుపడింది గాని, "రండి వదినగారూ" అని ఎంతో ఆదరంగా చాప వేసింది. మంచినీళ్ళు ఇత్తడి గ్లాసుల్లో ఇచ్చింది. నా గ్లాసుకి సొట్ట. నాయనమ్మ గ్లాసుకి రెండు సొట్టలు. వసారాలోంచి కనిపిస్తున్న వంటింట్లో చెంబులకీ, బిందెకీ, గిన్నెలకీ కూడా సొట్టలే. మా ఇంట్లో సొట్టగిన్నె ఒక్కటే ఉండేది. అది ఎవరికి పెడితే వాళ్ళు అలిగేవారు. ఇక్కడ ఎవరూ అలగడానికి వీల్లేదని నాకు నవ్వొచ్చింది. నాయనమ్మ తొడపాశం పెట్టింది.

ఇద్దరూ వానల గురించి, ఊడ్పుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఇంతలో వీధి చివర సైకిలు బెల్లు మోగింది. ఆవిడ మాట ఆపలేదు. "ఈ ఏడు కాలవకి నీళ్ళు ఆలస్యంగా వదిలారండీ" అంటూనే లేచి, మేకుకి వేలాడుతున్న లాంతరుకి చిమ్నీ ఊడదీసి, మంచం కింద ధాన్యపు బుట్టలో పెట్టి, గోడకున్న అద్దాన్ని తిప్పి, వచ్చి కూర్చుంది. "మా చేను పల్లం కనక ఫరవాలేదనుకోండి" అని మాట పూర్తి చేసింది. ఆవిడ చేతులు ఆ పని చేసినట్టు ఆవిడకే తెలియదేమో అనిపించింది.

అతను వచ్చి ఎంతో మర్యాదగా "వందనాలండీ అత్తయ్యగారూ" అన్నాడు. నాకు పిప్పరమెంటు బిళ్ళలిచ్చాడు. నాకు భలే నచ్చాడు. నాయనమ్మ కాసేపు కూర్చుని, "వస్తాం వదినగారూ" అని లేచింది. కోడూరు వెళ్ళనే లేదు. గుడివాడ బస్సెక్కాం. దారి పొడుగునా బిళ్ళలు నేనే తిన్నాను.

ఇంటికొచ్చాక నాన్నతో చెప్పింది. "ఈ సంబంధం వద్దురా."

"ఏమైంది?"

"సైకిలు బెల్లు వినపడగానే ఆవిడ చిమ్నీ దాచిందిరా."

నాన్న వీధి తలుపు గడియ లాగి చూసి వచ్చాడు. "చిమ్నీ దాచిందని సంబంధం వదులుకుంటారా ఎవరైనా? ప్రకటన కూడా చదివారు. అతనికి కాస్త కోపమని మనకి ముందే చెప్పారు కదమ్మా. నీకు తిక్క రేగితే మేమేం చెయ్యం?"

అత్త అయితే ఏడుపు మొదలుపెట్టింది. "నీ తిక్క ఇన్నాళ్ళూ అందరి మీదా చూపించావు. ఇప్పుడు నా పెళ్ళి మీదా?" అంది. ఆ పూట నుంచి తల్లితో మాట్లాడ్డం మానేసింది. తిక్క అనే ఆ పేరు అన్నేళ్ళూ నాయనమ్మకి ఎన్నో సుఖాలిచ్చింది, ఇప్పుడు ఒక్కసారిగా వాటన్నిటికీ బాకీ వసూలు చేసుకుంది. ఆవిడ ఏం చెప్పినా ఎవరూ వినే దారి లేదు.

రెండో ఆదివారం కూడా ప్రకటన చదివారు, దగ్గారు. ఆ సాయంత్రం నాయనమ్మ అయ్యగారిని కాఫీకి పిలిచింది. జంతికలు పెట్టింది. ఆయన రెండో జంతిక విరుస్తుంటే అమాయకంగా అడిగింది.

"ఆ ఆటంకం, ఆటంకం అని చదువుతారు కదండీ అయ్యగారూ, అంటే ఏమేమి ఉంటాయండీ? ఊరికే, తెలుసుకుందామని."

అయ్యగారికి చెప్పడమంటే ఇష్టం. ముందే పెళ్ళయి ఉండడం, వావి కుదరకపోవడం, వయసు చాలకపోవడం, మతి సరిగ్గా లేకపోవడం అని విడమరచి చెప్పారు.

"కోపం లేదాండీ అందులో?"

అయ్యగారు పొలమారేలా నవ్వారు. "కోపం ఆటంకమైతే నా చేతిమీద ఒక్క పెళ్ళీ జరగదమ్మా."

నాయనమ్మ కూడా నవ్వింది. ఆయనకి ఇంకో రెండు జంతికలు వేసింది. ఆ నవ్వు చూసి నేను భయపడాల్సింది. జంతికలు మిగులుతాయో లేదో అన్న ధ్యాసలో పడి గమనించలేదు.

మూడో ఆదివారం గుడి నిండా జనం. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు చాపల మీద. అయ్యగారు ప్రకటన చదివి, ఆటంకం సంగతి చెప్పి, అందరూ దగ్గడం కోసం ఆగారు. దగ్గులు మొదలవుతుండగా నాయనమ్మ నా భుజం పట్టుకుని లేచి నిలబడింది.

"నాకు తెలుసండీ ఆటంకం."

సగం దగ్గులో ఆగిపోయినవాళ్ళు కొందరు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు, ఆవిడ అప్పటికీ అక్కడే నిలబడి ఉంది. "ఏమిటమ్మా?" అన్నారు.

"పెళ్ళికొడుక్కి పిచ్చండీ."

గుడిలో గోల. అత్త మొహం మోకాళ్ళలో దాచుకుంది. నాన్న మగవాళ్ళ వైపు నుంచి లేచి, "అమ్మకి తిక్కండీ అయ్యగారూ, కూర్చోబెడతాను" అన్నాడు. సంఘ పెద్ద ఒకాయన, "అది పిచ్చి కాదమ్మా, కోపం. మేమందరం విచారించాం కదా" అని సర్దబోయాడు.

"కోపం మీ పుస్తకంలో లేదన్నారు కదండీ. ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది చెప్పాను" అంది నాయనమ్మ. నవ్వినవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "మా ఆయనకీ కోపమనే అన్నారండీ పెద్దలు. మనసు వెన్నన్నారు. ఆ కోపం నా ఎడమ చెవిలో ఉంది. పెళ్ళయిన ఏడాదే పోయింది ఈ చెవి. అటుపక్కనుంచి పిలిస్తే పలకనని నాకు తిక్కన్నారు. ఆ పేరు నేను పడ్డాను. నా పిల్ల పడక్కర్లేదు."

మా తాత నేను పుట్టకముందే పోయాడు. గోడ మీది ఫొటోలో ఆయన చేతిలో బైబిలు ఉండేది. నాన్న నాయనమ్మని కూర్చోబెట్టలేదు, తనే కూర్చున్నాడు. ఆయన ఆ ఇంట్లో పెరిగినవాడు. ఆయనకి తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. ఆ క్షణంలో నాకు నాన్న మీద వచ్చినంత కోపం జీవితంలో ఎవరి మీదా రాలేదు.

ఆటంకం చెప్పాక విచారించక తప్పదు. అయ్యగారు పాపం, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పెళ్ళివారు వచ్చి పెద్దల ముందు కూర్చోవాలని కబురు పంపారు. మతి సరిగ్గా ఉందని రుజువు చెయ్యడానికి ఒక మనిషిని పిలవడం ఆ గుడి పుట్టాక అదే మొదలట.

వాళ్ళు వచ్చారు. పెళ్ళికొడుకు, అతని తల్లి, మేనమామ. గుడి వసారాలో బల్లలు వేశారు. మేనమామ ముందే మొదలెట్టాడు. "మా వాడికి కోపం ఉందండీ, కాదనం. మగాడన్నాక ఉండదా?" పెద్దలందరూ తలలూపారు. అతను మాత్రం చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. చూసినవాళ్ళెవరైనా ఇంత నెమ్మదస్తుడికా ఈ అపవాదు అనుకుంటారు. అత్త కూడా స్తంభం పక్కన నిలబడి అదే అనుకుంటున్నట్టు చూస్తోంది.

నాయనమ్మ అతని ఎదురుగా చాప మీద కూర్చుని, ఒంట్లో బాగోనివాళ్ళని పలకరించే గొంతుతో అడిగింది.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా బాబూ?"

"పడుతోందండీ."

"తల వేడెక్కినట్టు ఉంటుందా?"

"లేదండీ." దవడ కదిలింది.

"ఉన్నా చెప్పుకోరులే, పాపం." నా వైపు తిరిగి, "బాబుకి ముందు ఇయ్యవే" అంది. నా చేతిలో పళ్ళెం. అందులో బందరు నుంచి తెచ్చుకున్న మా అమ్మ గాజు గ్లాసులు. చుట్టాలకి తప్ప బయటికి తియ్యని వాటిని ఆ వేళ నాయనమ్మే తీయించింది. అతను గ్లాసు తీసుకుని, "ఏమిటిది?" అన్నాడు.

"నిమ్మకాయ నీళ్ళు బాబూ. అది తాగడానికి." కొంగుముడి విప్పి రెండు నిమ్మకాయలు తీసి చూపించింది. "ఇవి తలకి రుద్దుకోడానికి."

పెద్దల్లో ఒకాయన కిసుక్కుమన్నాడు. అంతే. గ్లాసు గోడకి తగిలి పగిలిన చప్పుడు నాకు వినపడింది గాని, నేను చూడలేదు. అది అతని చెయ్యి వదలక ముందే అతని తల్లి నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగి తన చీరలో దాచేసింది. అతను విసురుతాడని ఆవిడకి ముందే ఎలా తెలిసిందో!

మేనమామ అందుకుని, "అలా రెచ్చగొడితే ఎవరికి మాత్రం రాదండీ?" అన్నాడు. నిజమే, రెచ్చగొట్టింది. నాయనమ్మ కూడా కాదనలేదు. పెద్దలు గుసగుసలాడుకున్నారు. చివరికి ఆ సర్దుబాటు పెద్దాయన చెప్పాడు. "ఇది కోపమేనండీ. పిచ్చి కాదు. మేమందరం కళ్ళారా చూశాం." అయ్యగారు బరువు దిగినట్టు, "అయితే ఆటంకం లేదు" అన్నారు.

ఆ మాటలు జరుగుతుండగానే అతని తల్లి గొంతుక్కూర్చుని గాజు ముక్కలు ఏరుతోంది. పెద్దవి ముందు, తర్వాత చిన్నవి, ఆ తర్వాత కొంగు తడిపి నేలకద్దుతూ రవ్వలు. చూడలేక అత్త వెళ్ళి పక్కన కూర్చుని తనూ ఒక ముక్క తీసింది. ఆవిడ తలెత్తకుండానే మెల్లగా అంది. నేను వాళ్ళ వెనకే ఉన్నాను కనక విన్నాను.

"నువ్వు ఏరకమ్మా. లే. ఇప్పట్నుంచీ అలవాటు చేసుకోకు."

అత్త లేచింది. చేతిలో ముక్క అలాగే ఉంది.

"అయ్యగారూ, నాకీ పెళ్ళి వద్దండీ."

"ఇదేం పిచ్చి తల్లీ, ఇప్పుడే కదా ఆటంకం లేదన్నారు?" అన్నాడొకాయన. "తల్లి తిక్కే వచ్చింది" అన్నాడు ఇంకొకాయన.

నాయనమ్మ గోడ పట్టుకుని లేచింది. "తిక్క కాదండీ. మా పిల్లకి కోపమొచ్చింది. రాదా మరి?" అంది. నాన్న వెళ్ళి ఆవిడకి కుడిపక్కన నిలబడ్డాడు.

అతను చరచరా గేటు దాటి వెళ్ళిపోయాడు. మేనమామ వెనకాల పరిగెత్తాడు. అతని తల్లి ఏరిన ముక్కలన్నీ కొంగున మూటకట్టుకుని, ఎక్కడ పారెయ్యాలో తెలియక, అలాగే నడిచింది. నాయనమ్మ గేటు దాకా ఆవిడ వెంట వెళ్ళింది.

"వదినగారూ, మా ఇంటికి రండి. ఉన్నన్నాళ్ళు ఉండండి. ఇవాళ వాడితో వెళ్ళకండి."

ఆవిడ ఆగింది. ఒక్క క్షణం, నిజంగానే ఆలోచించినట్టు కనిపించింది.

"వాడికి అన్నం ఎవరు పెడతారు వదినగారూ?" అంది. బస్సు వేళయిందని గబగబా వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో పండగలా ఉంది. అత్త తల్లిని కావలించుకుని ఏడ్చింది, నిమ్మకాయలు తలుచుకుని బాబాయి పడీపడీ నవ్వాడు, అమ్మ పోయిన గ్లాసుని క్షమించేసింది. నాయనమ్మ అన్నం కలిపింది గాని తినలేదు.

"తినవేంటమ్మా, అంతా నువ్వనుకున్నట్టే అయిందిగా?" అన్నాడు నాన్న.

"నా పిల్లని తెచ్చేసుకున్నాన్రా. వాడి తల్లి నాకు రుజువుగా పనికొచ్చింది. బస్సు దిగేసరికి వాడు ఆవిణ్ణేం చేస్తాడో నాకు తెలుసు. నా నిమ్మకాయలకి ఆవిడ దెబ్బలు తింటుంది" అంది. కంచం పక్కకి జరిపి, చెయ్యి కడుక్కోకుండానే కూర్చుండిపోయింది.